తెలియని శాంపిల్ చేతికి వచ్చినప్పుడు

చిన్నీ,

ప్రాక్టికల్ పరీక్ష అంటే టెన్షన్‌గా ఉందని రాశావు. ప్రమేయ సమూహాన్ని (శాంపిల్ ఏ జాతి సమ్మేళనమో తేల్చే పరమాణువుల గుంపుని) పట్టుకోవడంలో అసలు చిక్కు రంగులు గుర్తుపెట్టుకోవడంలో లేదు, ఒక్క రంగు చూసి పేరు రాసేయడంలో ఉంది.

ముందు సోడియం బైకార్బనేట్ సంతృప్త ద్రావణంలో చిటికెడు శాంపిల్ వెయ్యి. బుసబుసా పొంగితే కార్బాక్సిలిక్ ఆమ్లం అనుకోవచ్చు. మామూలు ఫీనాల్‌కి అంత బలం లేదు, పొంగదు. పిక్రిక్ ఆమ్లం మాత్రం ఫీనాల్ జాతిదే అయినా పొంగిస్తుంది.

ఫీనాల్‌కి వాడే ఫెర్రిక్ క్లోరైడ్ తటస్థంగా ఉండాలి. సీసాలోది ఆమ్లంగా ఉంటుంది. అందులో సజల అమ్మోనియా చుక్కచుక్కగా వేసి, గోధుమరంగు అవక్షేపం కాస్త నిలవగానే ఆపి వడకట్టు. పక్కనే ఉత్త నీళ్లలోనూ ఒక చుక్క వేసి చూడు. ఆ ద్రావణానిదే పసుపు రంగు కాబట్టి పోల్చుకోకపోతే మోసపోతావు.

2,4-డీఎన్‌పీతో (2,4-డైనైట్రోఫినైల్ హైడ్రజీన్) నారింజ అవక్షేపం వస్తే ఆల్డిహైడో, కీటోనో. రెంటిలో ఏదో తేల్చడానికి టోలెన్స్ పరీక్ష అప్పుడు చెయ్యి, ఆల్డిహైడ్ అయితే ట్యూబ్ లోపల వెండి అద్దంలా పూత పడుతుంది. సిల్వర్ నైట్రేట్‌లో ఒక చుక్క సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే గోధుమరంగు అవక్షేపం వస్తుంది. అది కరిగేదాకే సజల అమ్మోనియా పొయ్యి, ఎక్కువైతే పరీక్ష మొద్దుబారుతుంది. టెస్ట్ ట్యూబ్ తళతళలాడాలి, జిడ్డుంటే అద్దం బదులు నల్లటి మడ్డి మిగులుతుంది. మంట మీద పెట్టకు, వేడినీళ్లలో కదపకుండా ఉంచు. మిగిలిన కారకాన్ని దాచకు, నిలవుంటే పేలే పదార్థం తయారవుతుంది. వెంటనే సజల నత్రికామ్లం కలిపి పారబొయ్యి. అన్నట్టు, ఫార్మిక్ ఆమ్లం కూడా ఈ అద్దం ఇస్తుంది, బైకార్బనేట్ ముందు చెయ్యమన్నది అందుకే. అద్దం వచ్చి, ఆల్డిహైడ్‌లకే చేసే ఇంకో పరీక్ష ఫెహ్లింగ్‌లో ఎర్ర అవక్షేపం రాకపోతే కంగారు పడకు, బెంజాల్డిహైడ్ లాంటివి అంతే.

బ్రోమిన్ నీరు రంగు పోయిందని ద్విబంధం అని రాసెయ్యకు. ఫీనాల్, ఎనిలీన్ కూడా రంగు పోగొడతాయి, కాకపోతే తెల్లటి అవక్షేపం ఇస్తాయి.

ఎనిలీన్ లాంటి వాటికి అజో రంగు పరీక్ష చాలు. ఐసులో 5 డిగ్రీలు దాటనివ్వకు, దాటితే డయజోనియం లవణం (ఎనిలీన్ నైట్రస్ ఆమ్లంతో కలిసి ఇచ్చేది) విడిపోయి నైట్రోజన్ బుడగలు వస్తాయి. చల్లగా ఉండగానే క్షారంలో కరిగించిన బీటా నాఫ్తాల్ కలుపు. ఎనిలీన్ లాంటి వాటికే చేసే, కంపు కొట్టే కార్బైలమీన్ పరీక్ష జోలికి నువ్వుగా వెళ్లకు, ఆ కంపు విషం. చెయ్యక తప్పకపోతే ఫ్యూమ్ హుడ్‌లోనే చేసి, చల్లారాక గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం జాగ్రత్తగా పోసి ఆ తర్వాతే ట్యూబ్ కడుగు.

నీ బాబాయ్