బండి తొట్టి: ఇనుమా, అల్యూమినియమా?

ప్రశ్న: మాది గుంటూరు. యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకి మిర్చి టిక్కీలు (బస్తాలు) తోలే చిన్న బండి ఉంది. ఇనుప తొట్టి తుప్పుపట్టి చిల్లులు పడింది. అల్యూమినియంతో కట్టించుకోమని ఒక షెడ్డు మేస్త్రి అంటున్నాడు. ‘బరువు మూడో వంతే, బలం మాత్రం ఇనుమంత’ అన్నాడు. నమ్మొచ్చా గురువుగారూ?

జవాబు: మేస్త్రి అబద్ధం చెప్పలేదండీ, సగం చెప్పి ఊరుకున్నాడు. మిగతా సగం మీ జేబుకి సంబంధించింది కాబట్టి నేను చెప్తాను.

బరువు మాట నిజమే. 8×4 అడుగుల షీటు, 3 మిల్లీమీటర్ల మందంలో ఇనుముదైతే 70 కిలోలు తూగుతుంది, అల్యూమినియందైతే 24 కిలోలు. బలం మాటా నిజమే. మనం రోజూ వాడే ఎం.ఎస్., అంటే మైల్డ్ స్టీలు, శాశ్వతంగా వంగిపోవాలంటే సుమారు 250 మెగాపాస్కల్స్ ఒత్తిడి పడాలి. 6061 టీ6 అనే అల్యూమినియం మిశ్రమం కూడా దగ్గరదగ్గర అంతే ఓర్చుకుంటుంది.

అయితే బలం వేరు, బిగువు (బరువు పడితే ఊగకుండా నిలిచే గుణం) వేరు. ఆటోనగర్‌లో నా షెడ్డుకి కొత్తగా పనికొచ్చిన కుర్రాళ్లకి మొదటి రోజే ఇది చూపించేవాణ్ని. 25×6 మిల్లీమీటర్ల ఫ్లాట్ బద్దలు రెండు, ఒకటి ఇనుముది, ఒకటి అల్యూమినియంది. ఒక్కొక్కటీ రెండడుగులు బయటికి ఉండేలా వైస్‌లో బిగించి, కొసన మూడు కిలోల రాయి వేలాడదీసేవాణ్ని. ఇనుప బద్ద అంగుళం కిందికి దిగేది. అల్యూమినియం బద్ద రెండున్నర అంగుళాలు దాటేది. రాయి తీసేస్తే రెండూ చక్కగా పైకి లేచేవి. అంటే రెండింట్లో ఏదీ ఓడిపోలేదు, ఒకటి మాత్రం ఎక్కువ ఊగింది. ఇనుము బిగువు 200 గిగాపాస్కల్స్, అల్యూమినియానిది 70. ఎంత ఖరీదైన మిశ్రమం తెచ్చినా ఈ 70 పెద్దగా పెరగదు. బలాన్ని పెంచుకోవచ్చు గానీ బిగువుని పెంచుకోలేం.

అందుకే 3 మిల్లీమీటర్ల ఇనుప షీటు తీసి అదే మందం అల్యూమినియం వేస్తే తొట్టి అడుగు టిక్కీల కింద తబలాలా కొట్టుకుంటుంది. అదే బిగువు రావాలంటే నాలుగున్నర మిల్లీమీటర్లదాకా వెళ్లాలి. అప్పుడు షీటు బరువు 36 కిలోలు. అంటే మీకు మిగిలేది మూడింట రెండొంతులు కాదు, సగం. సగమైనా మంచి లాభమే, కాదనను.

ఇక వెల్డింగ్. ఇక్కడ నేనే బోల్తాపడ్డాను. 6061 లాంటి మిశ్రమాలకి బలం పుట్టుకతో రాదు. కాల్చి, నీళ్లలో ముంచి, మళ్లీ కొన్ని గంటలు మితమైన వేడిలో ఉంచితే వస్తుంది. 1906 ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే జర్మన్ ఆయన రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని కాల్చి ముంచి పక్కన పెట్టేస్తే, ఒకట్రెండు రోజుల తర్వాత అది దానంతటదే గట్టిపడి కనిపించింది. మన ఆవకాయకి మూడోరోజు రుచి వచ్చినట్టన్నమాట. ఆర్గాన్ వెల్డింగ్ చేస్తే ఆ అతుకు పక్కన ఈ ఊరిన బలం దాదాపు సగం పోతుంది. ఇది తెలియక ఒక చేపల బండికి అడుగు క్రాస్ మెంబర్లన్నీ (షీటుని కింద మోసే అడ్డ కమ్మీలు) అల్యూమినియంతో వెల్డింగ్ చేసిచ్చాను. ఎనిమిది నెలలకి బండి తిరిగొచ్చింది. అతుకుల్లో ఒక్కటీ విడలేదు, ప్రతి అతుక్కీ వేలెడు దూరంలో వెంట్రుకంత పగులు. గతుకుల్లో పడి లేచే దెబ్బలు ఒక స్థాయి లోపు ఉంటే ఇనుము ఏళ్లతరబడి మోస్తుంది. అల్యూమినియానికి అలాంటి గీత లేదు, చిన్న దెబ్బల్ని కూడా లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఆ ఓనరు నన్నేమీ అనలేదు, టీ తాగి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

అదే బండిలో ఇంకో పాఠం. ఐసు కరిగిన ఉప్పునీళ్లు కారి, అల్యూమినియం షీటు ఇనుప ఛాసిస్‌ని తాకిన చోటల్లా తెల్లటి పొడి రాలింది. రెండు లోహాలు తడిలో ఒకదాన్నొకటి తాకితే బ్యాటరీలాగే పనిచేస్తాయి, అరిగేది అల్యూమినియమే. మీది పొడి సరుకే అయినా వాన పడక మానదుగా. రెంటి మధ్య రబ్బరు పట్టీ గానీ నైలాన్ వాషరు గానీ వేయించండి.

నన్నడిగితే క్రాస్ మెంబర్లు ఇనుపవే ఉంచి, కొత్త పెయింటు కొట్టించండి. అడుగు షీటు, పక్క డోర్లు, వెనక డోరు మాత్రం అల్యూమినియం. షీటుకి 5052 అనే మిశ్రమం అడగండి. దానికి కాల్చి ముంచే తతంగం లేదు, తడిని బాగా తట్టుకుంటుంది. అతుకుల బదులు బోల్టులు, రివెట్లు. కిలో రేటు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువే కానీ, రేపు పాత సామానుకి వేసినా మంచి ధర పలుకుతుంది.

ఒక్క సంగతి మర్చిపోకండి. తొట్టి తేలికైనంత మాత్రాన రెండు టిక్కీలు ఎక్కువ వేసుకోవడం కుదరదు. ఆర్టీఏ ఆఫీసులో మార్పు చూపించి, ఆర్సీలో ఖాళీ బండి బరువు కొత్తగా రాయించుకోవాలి.