401-కె ముట్టుకోకండి, ముందు పాత పాలసీలు వెతకండి

ప్రశ్న: మేం ఇండియానాపోలిస్‌లో ఉంటాం సార్. 2007లో నేనూ మా బావమరిదీ ఎల్ఎల్‌సీ పెట్టి ఒక చిన్న స్ట్రిప్ మాల్ కొన్నాం, అందులో చివరి షాపు 1970ల నుంచీ డ్రై క్లీనరే. ఇప్పుడు రీఫైనాన్స్‌కి వెళ్తే బ్యాంకు టెస్టింగ్ చేయించింది, మట్టిలోనూ భూగర్భ జలాల్లోనూ పెర్క్, అంటే డ్రై క్లీనింగ్‌లో వాడే కెమికల్, ఉందట. స్టేట్ ఎన్విరాన్‌మెంట్ డిపార్ట్‌మెంట్ నుంచి లెటర్ కూడా వచ్చింది. క్లీనప్‌కి 6 లక్షల డాలర్లు అవుతుందని కన్సల్టెంట్ అంటున్నాడు. నాకు 52 ఏళ్లు. 401-కె, అంటే నా రిటైర్మెంట్ పొదుపు తీసేసి, కొంపల్లి ప్లాట్ అమ్మేసి కట్టేద్దామా? పొల్యూషన్ కవర్ అవ్వదని మా ఇన్సూరెన్స్ ఏజెంట్ ఫోన్‌లోనే తేల్చేశాడు.

జవాబు: ఆ రెండూ చెయ్యకండి, కనీసం ఇప్పుడే చెయ్యకండి. 52లో 401-కె తీస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ పోగా ఇంకో 10% పెనాల్టీ, పైగా అది మామూలుగా అప్పులవాళ్లు చెయ్యి పెట్టలేని డబ్బు, దాన్ని మీరే బయటికి తెచ్చి ఇచ్చేస్తానంటున్నారు.

మురికి చేసింది మీరు కాదు, నిజమే. కానీ కలుషితమైన స్థలాల క్లీనప్ కోసం తెచ్చిన 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం ప్రకారం ఇప్పుడు ఓనర్ ఎవరైతే వాళ్లనీ పట్టుకుంటారు. కొనేటప్పుడు ఫేజ్ వన్ రిపోర్ట్, అంటే స్థలంలో కాలుష్యం ఉండే అవకాశం ఉందా అని చూసే రిపోర్ట్, చేయించారా? చేయించి ఉంటే అది కూడా లాయర్‌కి ఇవ్వండి, కొంత రక్షణ దొరకొచ్చు.

ఇక అసలు సంగతికొస్తా. పోయినేడాది మార్చిలో మీరు ఎవరి కారునో గుద్దారనుకోండి, తర్వాత ఆ ఇన్సూరెన్స్ మార్చేశారు, అయినా ఆ గుద్దుడు ఆ పాత పాలసీ ఖాతాలోదే కదా. మీ వ్యాపారం వల్ల ఎదుటివాళ్లకి నష్టం జరిగితే కట్టే బిజినెస్ లయబిలిటీ పాలసీలు కూడా చాలావరకు అంతే, డ్యామేజ్ ఎప్పుడు జరిగిందో అప్పటి పాలసీ పలకాలి, క్లెయిమ్ ముప్పై ఏళ్ల తర్వాత వచ్చినా సరే. పెర్క్ ఒక్కరోజులో కారదు, మెషీన్ కింద నుంచి చుక్క చుక్కగా ఏళ్ల తరబడి దిగుతుంది, కాబట్టి ఒక్క పాలసీ కాదు, వరసగా చాలా ఏళ్ల పాలసీలు లెక్కలోకి రావొచ్చు.

మీ ఏజెంట్ చెప్పింది పూర్తి అబద్ధం కాదు. 1970ల మొదట్లో "హఠాత్తుగా, అనుకోకుండా" జరిగిన పొల్యూషన్‌కే కవర్ అని మెలిక పెట్టారు, 1986 నుంచి అసలు పొల్యూషనే వద్దని తీసేశారు. టెక్సాస్‌లో అయితే కోర్టులు ఆ మాటని ఉన్నదున్నట్టే తీసుకుంటాయి, డాలస్‌లో మీలాంటి ఫ్రెండ్ ఉంటే ఈ సలహా ఫార్వర్డ్ చెయ్యకండి, అక్కడ దారి వేరు, డ్రై క్లీనర్ల కోసం స్టేట్ ఫండ్ ఉంది. కానీ మీరున్నది ఇండియానాలో! అక్కడి సుప్రీంకోర్టు 1996లో కైగర్ అనే గ్యాస్ స్టేషన్ ఓనర్ కేసులో, ఏది పొల్యూషనో స్పష్టంగా రాయలేదు కాబట్టి ఆ క్లాజ్ చెల్లదంది, 2012లో ఫ్లెక్స్‌డార్ కేసులో మళ్లీ అదే మాట. అంటే 2007 నుంచి మీరు కట్టిన సొంత పాలసీలే ముందు పనికి రావొచ్చు. ఈమధ్య పాలసీల్లో కెమికల్స్ పేర్లు లిస్టు పెట్టి మరీ తీసేస్తున్నారు, అందుకే ప్రతి ఏడాది పాలసీ విడివిడిగా చదివించాలి.

ఒక్క రోజు కూడా ఆగకుండా చెయ్యాల్సింది ఏంటంటే, స్టేట్ లెటర్ కాపీతో ప్రతి ఇన్సూరెన్స్ కంపెనీకీ సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపడం. కన్సల్టెంట్‌కి చెక్ రాసేది ఆ తర్వాతే. డ్రెడెడ్ అనే కంపెనీ ముందు సొంత డబ్బు పెట్టుకుని తర్వాత ఇన్సూరెన్స్‌కి చెప్పింది, చెప్పకముందు పెట్టిన డిఫెన్స్ ఖర్చు, అంటే తన తరఫున వాదించుకోవడానికైన ఖర్చు, ఇవ్వక్కర్లేదని 2009లో అదే సుప్రీంకోర్టు తేల్చింది. జవాబుగా "మా హక్కులు ఉంచుకుని చూస్తాం" అని ఉత్తరం వస్తుంది, భయపడకండి, అది తిరస్కారం కాదు. ఇంకోటి, ఈ పాలసీలు మీ సొంత ఆస్తికి కాదు, ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి. అందుకే భూగర్భ జలాల్లోకి దిగిందన్న రిపోర్టు, మీకు చేదు కబురే అయినా క్లెయిమ్‌కి ప్రాణం.

2007కి ముందువి మీ పాలసీలు కావు, స్థలం కొన్నంత మాత్రాన అమ్మినవాళ్ల పాలసీ మీకు రాదు. కానీ పాత ఓనర్ మీదా డ్రై క్లీనర్ మీదా ఖర్చు రాబట్టుకునే దావాకి ఇండియానా చట్టంలో దారి ఉంది, అది వేస్తే వాళ్ల పాత ఇన్సూరెన్స్ కంపెనీలు కదులుతాయి. సమస్యల్లా కాగితాలే. పాలసీ మొత్తం దొరకాలని లేదు, పాత లీజు వెనక స్టేపుల్ చేసిన ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, బ్యాంకు లోన్ ఫైలు, చెక్‌బుక్ స్టబ్ మీద గిలికిన పాలసీ నంబర్, ఏదైనా సాక్ష్యమే. ఇదే పని చేసి పెట్టే ఇన్సూరెన్స్ ఆర్కియాలజిస్టులు కూడా ఉన్నారు, నవ్వకండి, నిజంగానే అలాగే పిలుస్తారు. నా క్లయింట్ ఒకాయనకి 1981 పాలసీ నంబర్ దొరికింది గరాజ్‌లో సోనా మసూరి సంచిలో, మోటెల్ అమ్మినాయన వదిలేసిన రసీదుల మధ్య.

కొన్నాళ్లకి ఏదో ఒక కంపెనీ ఇంత ఇస్తాం పాలసీ వెనక్కి ఇచ్చెయ్యండి అంటుంది. క్లీనప్ ఖర్చు ఖాయంగా తెలియకముందు సంతకం పెట్టొద్దు. పాలసీహోల్డర్ల తరఫునే వాదించే లాయర్‌ని పెట్టుకోండి, మాల్ కొన్నప్పుడు మీ క్లోజింగ్ కాగితాలు చేసినాయన చాలడు.

ఆ షాపు మొదట్లో పెట్టినాయన బతికుంటే లాయర్ నోటీసు వెళ్లకముందే ఒకసారి వెళ్లి కూర్చోండి. గొడవకి కాదు, 1980ల్లో ఆయన ఇన్సూరెన్స్ ఏజెంట్ ఎవరో అడగడానికి.