‘తండ్రి వార్షిక ఆదాయం’ గడిలో ఏం రాయాలి?

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర పల్లె. బీసీలం. నాలుగేళ్లుగా భర్తకు దూరంగా, మా తమ్ముడి ఇంటి పక్కన అద్దెకుంటూ బట్టలు కుట్టి బతుకుతున్నాం. విడాకులు కాలేదు. ఆయనది ప్రభుత్వ ఉద్యోగం. పాపకు రూపాయి ఇవ్వడు, సంతకం అడిగినా పెట్టడు. పాప ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది, ఎప్‌సెట్‌లో 19 వేల ర్యాంకు వచ్చింది. ఆయన జీతం ఉంది కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదంటున్నారు. తండ్రి చనిపోయినట్టు రాసేస్తే గొడవ ఉండదని ఒకాయన చెప్పాడు. జర్మనీలో చదువు ఉచితమట, తమ్ముడి ఇల్లు తాకట్టు పెట్టి అక్కడికే పంపిద్దామా అని ఉంది. ఇక్కడ బీటెక్ మేలా, అక్కడ డిగ్రీ మేలా, పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, పోలిక తర్వాత చూద్దాం. తండ్రి ఉండీ లేని పిల్లకు సాయం అందుతుందా అన్నదే మీ అసలు భయం. అందుతుంది. కాకపోతే కాళ్లరిగేలా నాలుగు చోట్ల తిరగాలి.

ఫలితాలు వచ్చిన వారం నుంచి ఈ ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఒకసారి అమ్మమ్మ రాస్తుంది, ఒకసారి మేనమామ. ఆ మధ్య ఒక అమ్మాయి నా ఎదురుగా కూర్చుని దరఖాస్తు నింపుతోంది. పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు చకచకా రాసింది. ‘తండ్రి వృత్తి, వార్షిక ఆదాయం’ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. పెన్నుకు మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. “ఇది ఆఖర్న రాస్తా సార్” అని పేజీ తిప్పేసింది. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ గడే గుర్తొచ్చింది. మీరు జర్మనీ అంటున్నారు గానీ, ఆ గడి లేని చోటికి పిల్లను పంపాలని చూస్తున్నారు.

ఒక మాట కటువుగానే చెప్పాలి. నాలుగేళ్లు విడిగా ఉండి, విడిగా ఉంటున్నట్టు చూపించే ఒక్క కాగితమైనా చేయించుకోలేదు. కేసు లేదు, మనోవర్తి అడగలేదు, పాత అడ్రస్ మార్పించుకున్నారో లేదో కూడా రాయలేదు. నలుగురికీ తెలుస్తుందని ఆగి ఉంటారు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే అది, తెలియంది ఆఫీసులకే. ఆ మొహమాటం ఖర్చు ఇప్పుడు పాప మీద పడుతోంది. పైగా బతికున్న మనిషిని చచ్చిపోయాడని రాయమన్నవాడి మాట విని, ఆ సంగతి నాకు రాసేదాకా వచ్చారు. ఆ పని చేయకండి. తప్పుడు వివరాలతో స్కాలర్‌షిప్ తీసుకున్నట్టు తేలితే రద్దు చేసి, ఇచ్చిన డబ్బు వెనక్కి వసూలు చేసి, ఆ విద్యార్థిని బ్లాక్‌లిస్టులో పెట్టాలని కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ (పదో తరగతి తర్వాతి చదువులకిచ్చేది) నిబంధనల్లోనే ఉంది. సంతకం పాపది, శిక్ష పాపకే. చెప్పినాయన ఆ రోజు కనబడడు.

ఇక చేయాల్సినవి. తెలంగాణలో బీసీ విద్యార్థుల ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. దీనికి మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం కావాలి, ఈ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. అసలు ముడి అక్కడే ఉంది. విచారణకు వచ్చినవాళ్లు “భర్త ఏం చేస్తాడు?” అని అడుగుతారు. అప్పుడు నోటిమాట చాలదు. మీ పేరున ఉన్న అద్దె కాగితం, మీ ఆధార్‌లో, పాప ఆధార్‌లో ఇప్పటి చిరునామా, వీలైతే విడిగా రేషన్ కార్డు, అన్నిటికన్నా గట్టిగా కోర్టులో వేసిన పిటిషన్ నకలు వాళ్ల ముందు పెట్టాలి. ఉన్నదున్నట్టు రాసి, మీ కుట్టుపని ఆదాయం మీద ధ్రువపత్రం అడగండి. ఇస్తారని నేను పూచీ పడలేను, అది విచారణ చేసే అధికారి చేతిలో ఉంటుంది. కాగితాలు లేకుండా వెళ్తే మాత్రం ఆయన జీతమే లెక్కలోకి వస్తుంది. తమ్ముడి సంపాదన కలుపుతారేమో అన్న భయం వద్దు. తల్లిదండ్రుల్లో ఒక్కరు బతికున్నా వేరే వాళ్ల ఆదాయం లెక్కలోకి తీసుకోకూడదన్నది పోస్ట్ మెట్రిక్ నిబంధనల్లో ఉన్న మాటే.

కోర్టు అంటే ఖర్చని జంకకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మీ మనోవర్తికి కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 144వ సెక్షన్ ఉంది, పాత సీఆర్‌పీసీలో 125వ సెక్షన్ అన్నమాట. పాపకు 18 నిండినా దారి మూసుకుపోలేదు. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20(3) ప్రకారం, తనను తాను పోషించుకోలేని పెళ్లికాని కూతురిని పోషించే బాధ్యత తండ్రిది. 2020లో సుప్రీంకోర్టు కూడా ఆ హక్కు ఉందనే చెప్పింది. నెలజీతం ఉన్న మనిషి ఆదాయం కోర్టులో దాగదు. ఇందులో కక్ష ఏమీ లేదమ్మా, పిల్ల హక్కును పిల్లకు ఇప్పించడమే. ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ లోపు తీర్పు రాదు. పిటిషన్ వేసిన కాగితం మాత్రం చేతికొస్తుంది, ఇప్పటికి కావలసింది అదే.

ధ్రువపత్రం చిక్కితే ఒక సంగతి ముందే తెలుసుకోండి. ర్యాంకు 10,000 దాటిన బీసీ పిల్లలకు ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో 35,000 వరకే వస్తుంది, మిగతాది మీరే కట్టాలి. ఆ డబ్బు కాలేజీకి ఆలస్యంగా వస్తుందని ముందు మిమ్మల్నే కట్టమనే వాళ్లూ ఉంటారు, చేరే రోజే అడిగి తేల్చుకోండి. అందుకే కౌన్సెలింగ్ ఆప్షన్లలో ఫీజు తక్కువుండే యూనివర్సిటీ కాలేజీలను పైన పెట్టమంటున్నాను. జగిత్యాల, మంథని, సిరిసిల్లలో జేఎన్టీయూ కాలేజీలు మీకు దగ్గరే. కంప్యూటర్ సైన్సే కావాలని పట్టుబట్టకపోతే పాప ర్యాంకుకు, ఆడపిల్లల రిజర్వేషన్‌తో, ఆశ పెట్టుకోవచ్చు. హాస్టల్ కోసం బీసీ పోస్ట్ మెట్రిక్ హాస్టల్‌కూ దరఖాస్తు పెట్టండి.

తహసీల్దారు ఆయన జీతం కలిపే రాశారనుకోండి. అక్కడితో తలుపులన్నీ మూసుకుపోవు. ప్రతి పథకానికీ ఆదాయ పరిమితి వేరు. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్‌కు కుటుంబ ఆదాయం 8 లక్షల వరకూ ఉండొచ్చు. బీటెక్ మొదటి ఏడాదిలో చేరిన అమ్మాయిలకు మెరిట్ మీద ఏటా 50,000 ఇస్తారు. వేరే స్కాలర్‌షిప్ తీసుకుంటే ఇది రాదు కాబట్టి ఏది లాభమో లెక్క వేసుకోండి. బ్యాంకు రుణానికి కూడా తండ్రి సంతకమే కావాలని లేదు, సహ రుణగ్రహీతగా తల్లి చాలు. 7.5 లక్షల వరకు క్రెడిట్ గ్యారంటీ పథకం కింద ఇచ్చే విద్యారుణానికి తాకట్టు గానీ, మూడో మనిషి హామీ గానీ అడగకూడదు. బ్రాంచిలో కుదరదంటే పథకం పేరు చెప్పి, దరఖాస్తు తిప్పిపంపిన కారణం రాసి ఇమ్మనండి.

ఇప్పుడు జర్మనీ. నేను మనసులో దాచుకోలేని అనుమానాలు ఇక్కడే ఉన్నాయి. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదన్నది నిజమే. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి దేశాల వాళ్ల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటారు. ఫీజు లేకపోయినా తిండీ, అద్దే ఉచితం కావు కదా. వీసా కోసమే ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంతని మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, చూపించాలి. మన డబ్బులో పది లక్షల పైమాటే, అదీ మొదటి ఏడాదికే. ఇంటర్ మీద నేరుగా డిగ్రీలో సీటు కూడా ఇవ్వరు. ఇక్కడ యూనివర్సిటీలో ఒక ఏడాది చదివి ఉండాలి, లేదా జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించి ఉండాలి, కాదంటే అక్కడ సన్నాహక కోర్సు దాటాలి. డిగ్రీ కోర్సుల్లో ఎక్కువ భాగం బోధన జర్మన్ భాషలోనే. ఆ దేశం తన విద్యార్థులకిచ్చే బాఫోగ్ సాయం చదువు వీసా మీద వెళ్లినవాళ్లకు మామూలుగా అందదు.

అంటే ఇంటి అండ లేని పిల్ల, ఏ అండా దొరకని చోటికి, మేనమామ ఇల్లు నెత్తిన పెట్టుకుని వెళ్తుంది. పార్ట్‌టైమ్ చేసుకుంటుందిలే అంటారు. 18 ఏళ్ల పిల్ల కొత్త భాష నేర్చుకుంటూ, పాఠాలు అందుకుంటూ, రాత్రి పని చేసి, అప్పు కిస్తీ గురించి భయపడుతూ పడుకోవాలన్నమాట. కన్సల్టెన్సీలో బ్లాక్డ్ అకౌంట్ సొమ్ము వడ్డీకి సర్దుతామంటే ఆ కుర్చీలోంచి లేచి వచ్చేయండి. బాగా సంపాదించే తల్లిదండ్రులున్న పిల్లలకే నేను ఇంటర్ కాగానే వద్దని చెబుతాను. మీ పాపకైతే ఇప్పుడు అసలే వద్దు. బీటెక్ అయ్యాక మాస్టర్స్‌కు వెళ్లొచ్చు. ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సులు అప్పుడు ఎక్కువ దొరుకుతాయి, తన సంపాదన కూడా కొంత చేతిలో ఉంటుంది. మీరడిగిన పోలిక ఇంతేనమ్మా, నా వరకు ఇందులో తూచడానికి ఏమీ లేదు.

మీ ఉత్తరంలో పాప ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఇల్లు తాకట్టు సంగతి ఆమెకు చెప్పారా? చెప్పకపోయినా ఈ వయసు పిల్లలకు తెలిసే ఉంటుంది, గోడ అవతల నుంచి వినే ఉంటుంది. మీరు విడిగా వచ్చేయడం వల్ల ఆమె చదువు పాడైందని మీరు కుమిలిపోతుంటారు. కుట్టుమిషన్ మీద ఇంటర్ దాకా చదివించారు, ఆ ర్యాంకు మీ ఇంట్లోంచే వచ్చింది. మొన్నటి ఆ అమ్మాయి ఆ గడిలో చివరికి తండ్రి ఉద్యోగం రాసి, పక్కన ‘మాతో ఉండరు’ అని చేర్చింది. దరఖాస్తు అలాగే తీసుకున్నారు.

ఈ వారంలోనే న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, పాపను కూడా వెంట తీసుకెళ్లండి. పిటిషన్ నకలు రాగానే మీసేవలో దరఖాస్తు పెట్టండి. తహసీల్దారు కాదంటే ఎందుకు కాదన్నారో కాగితం మీద తీసుకుని, అది జత చేసి నాకు మళ్లీ రాయండి.