డ్రెయిన్‌ మోడల్‌లో ఒకటిన్నర రోజు, చేలో ఐదు రోజులు: తేడా ఎక్కడ?

అమలాపురం వైపు 50 చ.కి.మీ. మురుగు దిగే డ్రెయిన్‌కి హెచ్‌ఎంఎస్‌ అనే వాన-పారుదల సాఫ్ట్‌వేర్‌లో మోడల్ కట్టారు. 200 మి.మీ. వానకు మోడల్‌లో నీరు ఒకటిన్నర రోజులో దిగిపోతోంది, చేలో మాత్రం ఐదు రోజులు నిలబడింది, కర్వ్ నంబర్ (వానలో ఎంత పారుతుందో తేల్చే అంకె) ఎంత మార్చినా కుదరలేదు. మీ ప్రశ్న ఇదే కదా.

కర్వ్ నంబర్‌ని ఇక వదిలేయండి. 25,400ను దాంతో భాగించి 254 తీసేస్తే నేల పట్టే నీరు మి.మీ.లలో వస్తుంది. తొలి నష్టం (పారకం మొదలవక ముందే నేల పట్టేసే వాన) అందులో 20 శాతం అనుకుంటే, 200 మి.మీ. వానకు నంబర్ 90 అయితే 170 మి.మీ., 80 అయితే 140 మి.మీ. పారుతుంది. ఈ 30 మి.మీ. తేడా ఐదు రోజుల ముంపుని వివరించలేదు.

అసలు చిక్కు మొగ దగ్గర, అంటే డ్రెయిన్ సముద్రంలో కలిసే చోట ఉంది. 170 మి.మీ. అంటే 85 లక్షల ఘనపు మీటర్లు. మూడు రోజుల్లో దిగాలంటే సెకనుకు 33 ఘనపు మీటర్లు, అంటే సుమారు 1,150 క్యూసెక్కులు ఆగకుండా పారాలి. పోటు వచ్చినప్పుడల్లా స్లూయిజ్ తలుపులు మూసుకుని సగం సేపే పారితే, ఆ సగంలో సెకనుకు 66 ఘనపు మీటర్లు పారాలి. హెచ్‌ఎంఎస్‌లో కాలువ వెంట నీటిని నడిపే మస్కింగమ్ రౌటింగ్‌ పద్ధతికి వెనక్కి తన్నే నీరు తెలియదు. అందుకే హెచ్‌ఎంఎస్‌ని పారుదల లెక్క వరకే వాడి, ఆ హైడ్రోగ్రాఫ్‌ని (గంట గంటకీ ఎంత నీరు వస్తుందో చూపే గీత) కాలువలో నీటి మట్టాలు లెక్కించే హెచ్‌ఈసీ-రాస్‌ సాఫ్ట్‌వేర్‌లో, కాలంతో మారే ప్రవాహానికి వాడే అన్‌స్టెడీ లెక్కలోకి ఇవ్వండి. దిగువ హద్దుగా గంట గంటకీ పోటు మట్టం పెట్టండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: పోటు పట్టికల్లో ఎత్తులు చార్ట్ డేటమ్ (సగటు సముద్ర మట్టం కన్నా కింద ఉండే ఆధార మట్టం) నుంచి ఉంటాయి, మీ క్రాస్ సెక్షన్లు సగటు సముద్ర మట్టం నుంచి. సర్దకుండా పెడితే సముద్రం లేనంత ఎత్తున కూర్చుంటుంది. మొగలో ఇసుక మేట వేసి ఉంటే డిజైన్ అడుగుమట్టం కాదు, ఇప్పుడున్న మట్టం కొలిచి పెట్టాలి. గుర్రపుడెక్క నిండిన డ్రెయిన్‌కి మ్యానింగ్ గుణకం (పారకాన్ని అడ్డుకునే గరుకుతనం) 0.03 వేస్తే ఎలా? 0.06 వేసి చూడండి, అదే మట్టంలో పారకం సగమవుతుంది.

వరి చేను కూడా చిన్న చెరువే. గట్టు 15 సెం.మీ., లోపల 5 సెం.మీ. నీరు ఉంటే మొదటి 100 మి.మీ. వాన బయటికే రాదు, రైతు గట్టు తెంపితే తప్ప. దీన్ని విడిగా నిల్వగా చూపాలి. అప్పుడు కర్వ్ నంబర్‌లో తొలి నష్టం మళ్లీ తీయకూడదు.

ఎస్‌ఆర్‌టీఎమ్ (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన) నేలమట్టాలు కోనసీమలో నమ్మవద్దు, కొబ్బరి మొవ్వుల్ని నేల అనుకుంటుంది. ఫ్యాబ్‌డెమ్ (చెట్లు, ఇళ్ల ఎత్తు తీసేసిన నేలమట్టాలు) కాస్త నయం, అయినా డ్రెయిన్ గట్లు, రోడ్లు, తూములు సర్వే మట్టాలతోనే ఎక్కించాలి. వాన లెక్క ఉదయం 8:30కి ముగిసిన 24 గంటలది. తేదీ ఒక రోజు జరిగిందంటే పోటుతో పొంతన పోతుంది.

ఇంకొకటి. డ్రెయిన్ సముద్రంలోకి కాక గౌతమి, వశిష్ఠ లాంటి పాయలో కలిస్తే హద్దు నది మట్టమే. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, 10 లక్షల క్యూసెక్కులు. కానీ తుపాను వాననీ గోదావరి పెద్ద వరదనీ గుడ్డిగా ఒకే రోజు కలపకండి. 1986 ఆగస్టులో ముంచింది ఎగువ నీరు, 1996 నవంబరులో విరుచుకుపడింది తుపాను.

సరిచూసేటప్పుడు పీక్ (గరిష్ఠ ప్రవాహం) జోలికి పోకుండా, కల్వర్టు గోడల మీద నీటి మరకలు, చేలో నీరు నిలిచిన రోజులు చూడండి. సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్ చిత్రం కూడా పనికొస్తుంది. ఎదిగిన వరి కింద, కొబ్బరి తోటల కింద నీరు అందులో కనబడకపోవచ్చు, ఆ ఖాళీల్ని పొడి నేల అనుకోకండి.