పైమట్టి ఎక్కడ పోశారో ముందు అడుగు, బిడ్డా

బిడ్డా,

పెద్దపల్లి దిక్కు సున్నపురాయి క్వారీలో ఎన్విరాన్‌మెంట్ ఆఫీసర్‌గా చేరావని అన్న ఫోన్ చేసి చెప్పాడు. 'బండల్లో ఏం చెట్లు పెంచుతుందిరా ఇది' అని నవ్వాడు కూడా. ముప్పై ఏళ్లు క్వారీల్లో గ్రీన్‌బెల్ట్ పని, అంటే చెట్లు పెంచే పని, చూసినవాణ్ణి, ఆ మాట నేనూ చాలాసార్లు పడ్డాను. ఇప్పుడు హన్మకొండలో డాబా మీద నాలుగు కుండీలకు నీళ్లు పోసుకుంటూ ఖాళీగానే ఉన్నాను కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నా.

చేరగానే ఎన్ని మొక్కలు నాటారని అడగకు. పైమట్టి ఎక్కడ పోశారని అడుగు. కొత్త జాగా తెరిచేటప్పుడు డోజర్ ముందుగా గీకే జానెడు మట్టి ఉంటుంది చూడు, గడ్డి గింజలు, వేళ్లు, పురుగూ పుట్రా అన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని విడిగా దాచి, తిరిగి నేల బాగుచేయడానికే వాడాలని 2017 నాటి గనుల నిబంధనల్లోనే ఉంది. కాగితం మీద అందరూ దాస్తారు. నేల మీద ఏమవుతుందంటే, టిప్పర్ లైన్లో ఆగి ఉంటుంది, డ్రైవర్‌కు ట్రిప్పుల టెన్షన్, పైమట్టీ కింది రాళ్లూ కలిసి ఒకే డంప్‌లో పడతాయి. ఆ రోజు పొద్దున్నే వెళ్లి నువ్వే అక్కడ నిలబడాలి. కుప్ప మనిషి ఎత్తు దాటనివ్వకు. ఎత్తు పెరిగితే అడుగు మట్టికి గాలి ఆడక అందులోని జీవం చస్తుంది. వీలైతే కుప్పే వద్దు, పని అయిపోయిన బెంచీ మీదికి, అదే క్వారీలో మెట్టులా కోసిన చదును మీదికి, నేరుగా తోలించు.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. ఒక ఏడాది ఇన్‌స్పెక్షన్ ఉందని మేనేజర్ తొందరపెడితే, పై బెంచీల మీద రెండు వేల గుంతలు తీయించి, ఒక్కో దాంట్లో తట్టెడు ఎర్రమట్టి పోయించి సుబాబుల్, నీలగిరి పెట్టించాను. ఫొటోలు బాగా వచ్చాయి. ఏప్రిల్‌కల్లా అన్నీ పుల్లలయ్యాయి. మరుసటి ఏడు కోనోకార్పస్ పెట్టాం. అది బతికింది, పచ్చగా గోడలా నిలబడింది. కానీ నేను చూసినన్నాళ్లూ దాంట్లో ఒక్క గూడు కనబడలేదు, మేక కూడా మూతి పెట్టలేదు. అందరూ మెచ్చుకున్నారు మరి.

అసలు మొదలు గడ్డితో పెట్టాలి. తవ్విన నేల మీద మళ్లీ గడ్డి మొలిపించాలి, పశువులకు, జీవాలకు పనికొచ్చేలా చేయాలి అని సుప్రీంకోర్టే 2020 జనవరిలో చెప్పింది. ఆ సంగతి మీ మేనేజర్‌కు గుర్తు చెయ్యి, నీ మాటకన్నా ఎక్కువ పని చేస్తుంది. మృగశిర కార్తెలో మొదటి వాన పడ్డాక గడ్డి గింజ, తంగేడు చల్లించు. రేగు, చండ్ర, మోదుగ, రేల వాటి వెనక రానీ. ఇప్ప, నల్లమద్ది లాంటివి నీడ, మట్టి కొంచెం కుదిరాకే. డంప్‌ను టేబుల్‌లా చదును చేయించకు. ఎత్తుపల్లాలుంటే పల్లంలో నీరాగుతుంది, రాళ్ల సందుల్లో తొండలూ ముంగిసలూ చేరతాయి. అక్కడక్కడ ఎండు కొమ్మలు పాతించు. పిగిలిపిట్టలు వాటి మీద వాలి రెట్ట వేస్తే పండ్ల గింజలు పైసా ఖర్చు లేకుండా పడతాయి. నా గుంతల్లో మొక్కలన్నీ పోయిన బెంచీ మీదే ఒక విరిగిన కరెంటు స్తంభం కింద మూడు రేగు మొక్కలు వాటంతటవే లేచాయి. అది చూశాకే నాకు ఈ కొమ్మల సంగతి తట్టింది.

ఇంకోటి. అన్నీ పూడ్చి పచ్చగా చేసేయాలనుకోకు. క్వారీ అంచున ఒకచోట నిటారుగా తెగిన మట్టికట్ట ఉండేది. మార్చి ఆఖరులో చూస్తే దాని నిండా బొరియలు, రెండు వేళ్లు పట్టేంత. ప్రతి బొరియ కింద కొత్తమట్టి పిడికెడు రాలి ఉంది. పసిరిక పిట్టలు. ముక్కులో తూనీగను అడ్డంగా పట్టుకుని తీగ మీద వాలి, అటూ ఇటూ చూసి, దాన్ని తీగకేసి నాలుగు దెబ్బలు కొట్టి, చటుక్కున బొరియలోకి దూరేవి. నాలుగు రోజుల తర్వాత వెళ్తే కట్ట లేదు. స్లోప్ సరిచేయమన్నారని హిటాచీ ఆపరేటర్ లాగేశాడు. అతనిది తప్పు కాదు, నేను చెప్పలేదు. అందుకే మార్చి నుంచి జూన్ దాకా మట్టికట్టలు ముట్టొద్దని షిఫ్ట్ మొదలయ్యేటప్పుడే చెప్పు, సున్నంతో గీత కూడా కొట్టించు.

బండ గోడలకూ అంతే. పెద్ద గుడ్లగూబ గూడు కట్టదు, రాతి అరుగు మీదే గుడ్లు పెడుతుంది. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా దాని కాలం. గోడ కింద ఎలుక ఎముకలూ బొచ్చూ కలిసిన ఉండలు కనబడితే పైన అది ఉన్నట్టే. కూలీలు అపశకునమని రాళ్లు వేస్తారు. కసరకు, అది తినే ఎలుకలు ఎవరి చేనువో అడుగు, సరిపోతుంది. ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట దగ్గరి పాలరాపు గుట్టలో రాబందులు గూళ్లు పెట్టుకున్నది కూడా నిలువు కొండచరియ మీదే కదా. పని పూర్తయిన సరిహద్దు గోడ ఒకటి వదిలేయించు. వదులుగా ఉన్న రాళ్లు దింపించి, పైన కంచె వేయించాకే సుమా, మనుషుల ప్రాణం ముందు.

నీళ్ల గుంతకు ఒక పక్కన్నా ఏటవాలు అంచు ఉండాలి. దిగిన పశువు ఎక్కి రావాలి, పిల్లలు జారితే కాలు అందాలి. పక్కనే వానాకాలంలో మాత్రమే నిండే చిన్న మడుగులు ఉంచి, వాటిలో చేపలు వదలనివ్వకు. దోమల కోసం వదిలే గంబూసియా చేప తోకకప్పల్ని కూడా తినేస్తుంది.

సర్కారు తుమ్మను నరికిస్తే మళ్లీ పిలకలేస్తుంది. కాయ పండకముందే వేళ్లతో సహా జేసీబీతో లాగించాలి. పశువులు కాయ తిన్నాయంటే పేడతో ఊరంతా చల్లేస్తాయి. మేకలకైతే ఏ కంచే ఆగదు. గొల్ల పెద్దమనుషులతో కూర్చుని మాట్లాడు, రెండేళ్లు మందను తోలకుండా గడ్డి కోసుకుపొమ్మను. ఆ మీటింగ్‌కు సూపర్‌వైజర్‌ను పంపకు, నువ్వే వెళ్లు, చాయ్ ఇస్తే కాదనకు.

ఈ మే నెలలో మోదుగ కాయలు నేనే ఏరిస్తాను. ఆ గింజ తాజాగా ఉంటేనే బాగా మొలుస్తుంది కాబట్టి వెంటనే బస్సుకు వేస్తాను. సంచి అందిన వారంలోపే వేయించు. ఈలోగా మీ పైమట్టి కుప్ప ఫొటో ఒకటి పంపు, పక్కన మనిషిని నిలబెట్టి తియ్యి, ఎత్తు తెలుస్తుంది.

మీ చిన్నాయన