లైన్‌బ్యాకర్ కాబోతున్న అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో నిన్ను లైన్‌బ్యాకర్‌గా, అంటే బంతి పట్టుకొని వచ్చేవాణ్ని అడ్డుకొని పడగొట్టే డిఫెన్స్ ఆటగాడిగా తీసుకున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! రాత్రి నిద్ర మాత్రం పట్టలేదురా.

బరువు, పరుగు, తిండి మీ కోచ్‌లు చూసుకుంటారు. చదువు వదలకు, హైస్కూల్ అయ్యాక 3 ఏళ్లు గడిస్తేగానీ ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌కి, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమానికి ఎటూ వీల్లేదు. ఆ 7 రౌండ్లలో పేరు రాకపోయినా కుంగిపోకు. లైన్‌బ్యాకర్ జేమ్స్ హారిసన్‌ని 2002లో ఎవరూ డ్రాఫ్ట్ చెయ్యలేదు, టీమ్‌లోంచి మళ్లీ మళ్లీ తీసేశారు. 2008లో లీగ్ మొత్తంలో మేటి డిఫెన్స్ ఆటగాడు అతనే.

నా బెంగంతా నీ మెడ, వెన్ను గురించే. 2017 డిసెంబర్ 4న సిన్సినాటీలో పిట్స్‌బర్గ్ లైన్‌బ్యాకర్ రయాన్ షేజియర్ మామూలు టాకిల్‌కే (ఎదుటివాణ్ని పట్టి పడగొట్టడానికి) వెళ్లాడు. తగిలే క్షణంలో తల దించాడు. వెంటనే చెయ్యి నడుముకు పోయింది, కాళ్లు కదల్లేదు. అప్పటికి 25 ఏళ్లు. తర్వాత నడవగలిగాడు, మ్యాచ్ మాత్రం మళ్లీ ఆడలేదు.

అతనికి దెబ్బ వెన్నుకి తగిలింది. ఇలాంటప్పుడు మెడ కూడా విరగొచ్చు. మెడ ఎముకల్లో సహజంగా ఓ వంపు ఉంటుంది. తల దించితే అది పోయి మెడ కర్రలా నిటారవుతుంది. ముందు నెత్తి ఆగిపోతుంది, వెనక నుంచి ఒంటి బరువు తోస్తూనే ఉంటుంది. హెల్మెట్ కాసేది పుర్రెను, మెడను కాదు. స్కూళ్లు, కాలేజీలు 1976లోనే నెత్తితో గుద్దడం నిషేధించాయి. ఎన్‌ఎఫ్‌ఎల్ 2018లో తల దించి గుద్దితే 15 గజాల పెనాల్టీ పెట్టింది.

తల ఎందుకు దిగుతుందో తెలుసా? దూరం నుంచే దూకితే. కాళ్లు వెనకబడి నడుము వంగుతుంది, దాంతో తలా వాలిపోతుంది. అందుకే చివరి మూడడుగులు పొట్టిగా వెయ్యి. వంచాల్సింది మోకాళ్లు. చూపు బంతి పట్టుకొని వచ్చేవాడి తుంటి మీద పెట్టు. భుజాలు మోసం చేస్తాయి, తుంటి చెయ్యదు. కుడి భుజంతో తగిలితే కుడి కాలే ముందుండాలి. నీ తల అతని వెనకవైపు ఉండాలి, దారికి అడ్డం పెట్టకు. చేతులు తొడల చుట్టూ బిగించి, కాళ్లు ఆడిస్తూనే ఉండు.

చెయ్యి కరెంటు కొట్టినట్టు జివ్వుమన్నా, తల దిమ్మెక్కినా బయటికొచ్చి ట్రైనర్‌కి చెప్పు. దాచావో, నా చేత తిట్లు తింటావు నాన్నా.

ప్రాక్టీస్‌లో ఎదురుగా ఎవరినైనా నిలబెట్టి వీడియో తీయించు. తగిలే ఫ్రేమ్ దగ్గర ఆపి చూడు: ఫేస్‌మాస్క్ (హెల్మెట్ ముందుండే కమ్మీలు) కనపడాలి, నడినెత్తి కాదు. ఆ వీడియో నాకూ పంపు.

మీ మామయ్య