మడ్ ఫ్లాపులు పీకేద్దామా అన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నరసరావుపేట నుంచి ఊరికి వస్తుంటే స్పీడ్ బ్రేకర్ల మీద కారు వెనక మడ్ ఫ్లాపులు, అదే బురద చిమ్మకుండా చక్రాల వెనక వేలాడేవి, గర్రుమని నేలకి రాసుకుంటున్నాయి, పీకేద్దామా అని ఫోన్‌లో అడిగావు. అప్పుడు పొలంలో ఉండి పొడిపొడిగా చెప్పాను.

ఫ్లాప్ నేలకి రాసుకున్నంత మాత్రాన కారుకేం కాదురా. వంగుతుంది, మళ్లీ నిలబడుతుంది. టెన్షన్ పడాల్సింది కారు అడుగు తగిలితే. నువ్వొక్కడివే ఉన్నప్పుడు రాని చప్పుడు, వెనక ముగ్గురు కూర్చుని డిక్కీలో బియ్యం బస్తా ఉన్నప్పుడు వస్తోందంటే బరువుకి వెనక భాగం దిగుతోందన్నమాట.

నా పాత కారు సంగతి నీకు తెలియదు. కొన్నప్పుడు దానికి ఫ్లాపులు లేవు. మన ఊరి రోడ్డు మీద కంకర పోసి, తారు వెయ్యకుండా చాన్నాళ్లు వదిలేశారు. ముందు చక్రాలు ఎగజిమ్మిన రాళ్లు తలుపుల కింద టపటపా తగులుతుంటే పట్టించుకోలేదు. ఓ రోజు కడుగుతూ చూస్తే రన్నింగ్ బోర్డు పొడుగునా ఆవగింజలంత చుక్కలు, రంగు లేచి రేకు కనబడుతోంది. వానలు పడ్డాక చుక్కచుక్కకీ తుప్పు. అప్పుడు పరుగెత్తుకెళ్లి ఫ్లాపులు వేయిస్తే, కుర్రాడు చక్రం చుట్టూ ఉండే రేకు, ఫెండర్ అంచుకి డ్రిల్లు పెట్టి బెజ్జాలు పొడిచి స్క్రూలు బిగించాడు. రెండో వానాకాలానికి ఆ బెజ్జాల చుట్టూ రేకు వేలితో నొక్కితే రాలిపోయేది. వెయ్యకపోయినా నష్టపోయాను, వేసీ నష్టపోయాను.

అందుకే నీవి కంపెనీ ఇచ్చిన బెజ్జాల్లోనే క్లిప్పులతో కూర్చున్నాయా, కొత్తగా పొడిచారా అన్నది ముందు చూడు. పొడిచినవైతే విప్పి, రేకు అంచుకి రంగు పూసి మళ్లీ బిగించు. స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి, ముందు టైరు ఫ్లాపుకి రాసుకోవడం లేదని కూడా చూసుకో.

మీ చిన్న మావయ్యకైతే హైదరాబాద్‌లో తీసేయమనే చెప్పాను. ఆఫీసు, అపార్ట్‌మెంట్ సెల్లార్ తప్ప వాడి కారు మట్టి మొహం చూడదు. నీది అలా కాదు, నల్లరేగడిలో తిరిగే కారు. ముందువి తీస్తే నేనొప్పుకోను. వెనకవి నీకంటే నీ వెనక బైకు మీద వచ్చేవాడి చొక్కాకి ఎక్కువ అవసరం.

ఒకటి మాత్రం నిజం, ఫ్లాపులుంటే చాకిరీ ఉంటుంది. నల్లరేగడి బురద ఫ్లాపుకీ బాడీకీ మధ్య సందులో చేరి గడ్డకడుతుంది. పైకి ఎండినట్టే ఉంటుంది కానీ లోపల తడి అలాగే ఉండి రేకుని తినేస్తుంది. వాన రోజుల్లో వారానికోసారి పైపు ఆ సందులోకి పెట్టి, నీళ్లు తేటగా కారేదాకా కొట్టు.

తీసేస్తే మైలేజీ పెరుగుతుందని ఎవరో అన్నారన్నావు. మన రోడ్ల మీద వెళ్లే స్పీడుకి నీకు తేడా తెలియదు. మొదట టైర్లలో గాలి చూసుకో.

ఆ చప్పుడు భరించలేకపోతే, పీకే బదులు వెనకవాటిని కింద రెండు వేళ్ల మేర కోసెయ్. మొదట కొయ్యబోయే చోట సుద్దముక్కతో గీత గీసి, నలుగురిని ఎక్కించుకుని అదే స్పీడ్ బ్రేకర్ దాటించు. గీత చెరిగిందా, కింది అంచే రాసుకుందా చూసుకున్నాకే కత్తి తియ్యి.

మీ మావయ్య